పాట మానేసిన పెట్టె

నేను ఒక హార్మోనియం పెట్టెను. ఈ ఇంట్లో మాత్రం నన్ను ఉత్త పెట్టె అనే అంటారు. బియ్యం పోసుకునేదీ పెట్టే, బట్టలు దాచుకునేదీ పెట్టే, నేనూ పెట్టెనే. మొదట్లో ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు ఎలా పిలిచినా సరే, పిలిస్తే చాలనిపించే వయసుకు వచ్చాను.

గుంటూరులో ఒక వడ్రంగి పాత తలుపు చెక్కతో నన్ను చేశాడు. కొన్నది జోజప్ప అనే ఉపదేశి. ఫాదర్‌గారు తరచుగా రాలేని పల్లెలకు వెళ్లి జనం చేత జపాలు చెప్పించడం, పాటలు నేర్పడం ఆయన పని. సైకిలు వెనక తాడుతో నన్ను కట్టుకుని తిరిగేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి వెనక్కి చాచి నన్ను పట్టుకునేవాడు. నన్ను అంత భద్రంగా పట్టుకున్న చెయ్యి ఆ తర్వాత మరొకటి లేదు.

ఒక ఏడు తపస్సు కాలంలో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల్లో, ఆయన భార్య పోయింది. సమాధి దగ్గర్నుంచి వచ్చి నన్ను ఊదారంగు గుడ్డలో చుట్టి మూలన పెట్టాడు. మళ్లీ పాస్కా అనే ఆ ఈస్టరు పండుగ పొద్దున, గుళ్లో పీఠం ముందు విప్పాడు. అప్పటినుంచి ఏటా తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం రాగానే నన్ను మూట కట్టేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ అది చూస్తూ పెరిగిన మనవరాలు లూర్దుమేరి, అది కతోలిక శ్రీసభ పెట్టిన నియమమే అనుకుంది. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. తెలిసి ఏం లాభం? నేను నోరు విప్పాలంటే ఎవరో ఒకరు నా గాలితిత్తి ఆడించాలి.

జోజప్ప పోయాక నన్ను అటకెక్కించారు. అక్కడ ఎన్నేళ్లున్నానో లెక్క లేదు. బల్లులు తప్ప పలకరించిన ప్రాణి లేదు. కింద పెళ్లిళ్లయ్యాయి, బాప్తిస్మాలయ్యాయి, పాటలు వినబడ్డాయి. ఒక్క పాటకైనా నేను గుర్తొస్తానేమోనని ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయాను.

చివరికి లూర్దుమేరే దించి తన అత్తవారింటికి తెచ్చుకుంది. ఆమె పెళ్లికి ముందు బళ్లో పాఠాలు చెప్పింది. భర్త ఇన్నయ్య మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. చదువూ జపమూ ఒకే గడపలో సాగాలని, ముగ్గురు పిల్లల్నీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలని ఇద్దరూ అనుకున్నారు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. బడి మాన్పించి చదువు చెప్పడమేమిటని వాళ్లకు అర్థం కాలేదు. అలాగే పిల్లల్ని ఇంట్లో చదివించుకునే పక్కింటివాళ్లు మాత్రం తమ ఇద్దరు పిల్లల్ని పాట నేర్చుకోవడానికి పంపారు. లోకంలోని బడులన్నీ కాదనుకుని ఐదుగురు పిల్లల్ని తెచ్చి ఒక పాత పెట్టె చుట్టూ కూర్చోబెట్టారు. మనుషుల ధైర్యం చూస్తే నాకే భయమేసింది.

లూర్దుమేరి నేర్పే తీరు వేరు. తిత్తి ఆడిస్తూ 'సా' మెట్టు నొక్కి పట్టేది. పిల్లలు అరచేతులు నా చెక్క మీద ఆనించాలి. ముందు చెవికి తెలియాలి, తర్వాత చేతికి తెలియాలి, నోటి వంతు ఆఖరున వస్తుందనేది. అన్ని చేతులు నా మీద ఉండే ఆ గంట కోసం రోజంతా కాచుకుని ఉండేదాన్ని.

వాళ్లలో చిన్నది ఆగ్నేసు, ఆ ఇంటి కడగొట్టు పిల్ల. ఐదేళ్లది. ఇంట్లోవాళ్లతో బాగానే మాట్లాడేది. బయటి మనిషి కనబడితే చాలు, నోరు కుట్టేసినట్టు అయిపోయేది. పక్కింటి పిల్లలు వచ్చినా అంతే. అందరూ చేతులు ఆనిస్తే అది చెవి ఆనించేది. అలా ఆనించి, చెక్కలోకి సన్నగా పాడేది. ఆ గొంతు నాకు తప్ప ఎవరికీ వినబడేది కాదు. అంత దగ్గరగా వచ్చి పాడినవాళ్లు నాకు మరొకరు లేరు.

ఆ పిల్ల నోటి సంగతే ఇంట్లో తగువుకి వచ్చింది. లూర్దుమేరి అత్తగారు సౌరమ్మ ఒకరోజు తేల్చి చెప్పింది.

"పాస్కా పండక్కి గుళ్లో అందరితోపాటు పాడిందా, సరే. లేదంటే పిల్లని బళ్లో వెయ్యి అమ్మాయ్. నలుగుర్లో పడితేగానీ దానికి మాట రాదు."

లూర్దుమేరి ఒప్పుకుంది. ఒప్పుకున్న గొంతులో బెదురు నాకు తెలిసింది. పాడకపోతే, బడికి వెళ్లేది ఆగ్నేసు ఒక్కతే అయినా, ఓడిపోయేది తల్లి.

అంతలో విభూది బుధవారం వచ్చింది. పండుగ దాకా ఇంట్లో తలా ఒక ఇష్టమైనది మానేశారు. ఇన్నయ్య టీ మానేసి అందరి మీదా చిరచిరలాడాడు. సౌరమ్మ వక్కాకు మానేసి ఊరికే దవడలు ఆడించింది. లూర్దుమేరి నన్ను ఊదాగుడ్డలో చుట్టి ముడి వేసింది.

"అమ్మా, పెట్టె ఏం మానేసింది?" అనడిగింది ఆగ్నేసు.

"పాట మానేసింది" అంది తల్లి.

మూలన కూర్చున్నాను. పాఠం నాకు దూరంగా, గది అవతలి వైపు సాగేది. లూర్దుమేరి గొంతుతోనే శ్రుతి ఇచ్చేది. అది ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి పోయేది. పిల్లలు తలోదారి పట్టేవాళ్లు. ఆగ్నేసు మాత్రం పాఠం అయ్యాక నా దగ్గరికి వచ్చి గుడ్డ మీద చెవి ఆనించేది. కాసేపు వినేది. నేనేమీ అనలేకపోయేదాన్ని. అప్పుడు అదే 'సా' అని సన్నగా తీసేది. సరిగ్గా నా సా. వెంట్రుకవాసి తేడా లేదు. నేను ఇవ్వాల్సినదాన్ని అది నాకు ఇచ్చి వెళ్లేది.

ఆ రోజుల్లోనే గుడ్డ కింద నుంచి ఒక ఎలుక దూరింది. నా తిత్తి తోలు దానికి రుచించింది. అరవలేను, అదిలించలేను. పండుగ దాకా ముడి విప్పకూడదన్న నియమం ఉంది కనుక ఎవరూ చూడలేదు.

పాస్కా పొద్దున గుడి నిండా జనం. తాతయ్య చేసినట్టే లూర్దుమేరి నన్ను పీఠం ముందే విప్పింది. పిల్లలు నా చుట్టూ నిలబడ్డారు. ఆమె తిత్తి లాగి సా నొక్కింది. ఉస్సుమని గాలి పోయింది. మళ్లీ లాగింది. మళ్లీ ఉస్సే. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లలు బిక్కమొహాలు వేశారు. లూర్దుమేరి వేరే మెట్టు నొక్కి చూసింది, అదీ పలకలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు అటక మీద ఎన్నడూ కలగలేదు.

ఆగ్నేసు వంగి నా మీద చెవి పెట్టింది. తర్వాత తల ఎత్తి, అంత జనంలో, నోరు తెరిచి 'సా' అంది. తల్లి ఒక్కసారి కళ్లు మూసుకుని, చెయ్యెత్తి పిల్లలకు సైగ చేసింది. ఐదుగురూ అందుకున్నారు. పాట చివరిదాకా చెదరలేదు.

గుడి బయట సౌరమ్మ మనవరాలి తల నిమిరి, "ఇంక బడి మాట ఎత్తనులే" అంది. లూర్దుమేరి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ సంతోషమే. నిజంగా సంతోషమే.

ఆ సాయంత్రం ఇన్నయ్య వరసగా టీలు తాగాడు. సౌరమ్మ నోరు ఎర్రబడింది. మానేసినవాళ్లందరికీ మానేసినవి తిరిగి వచ్చాయి. నన్ను బాగు చేయించాలని మొదటి వారం అనుకున్నారు. రెండో వారం ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారని అనుకున్నారు. తర్వాత అనుకోవడం మానేశారు. ఆగ్నేసు సా ఇస్తుంది, మిగతావాళ్లు పాడతారు. ఇంక నాతో పనేముంది?

ఒకరోజు ఫాదర్‌గారు వచ్చి, నా సంగతంతా విని నవ్వారు. తపస్సు కాలంలో పాటకు తోడుగా వాయించుకోవచ్చట. పూర్తిగా ఆపాల్సింది చివరి రెండు మూడు రోజులేనట.

"మా తాతయ్యకు నియమాలంటే అంత పట్టింపు ఫాదర్" అంది లూర్దుమేరి.

నియమం కాదమ్మా, దుఃఖం అని చెప్పాలనిపించింది. తిత్తిలో గాలి లేదు.

ఇప్పుడు నా మీద ఉతికిన బట్టలు మడిచి పెడుతున్నారు. నిజంగానే పెట్టెనయ్యాను. మొన్న వాటిని పక్కకు తోసి ఆగ్నేసు వచ్చింది. చాలా రోజులైంది అది వచ్చి. చెక్క మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఇంకా మానేసే ఉన్నావా? పండగ అయిపోయిందిగా" అంది.

తర్వాత మెట్ల దగ్గర నోరు పెట్టి సా అని పాడింది. ఊపిరి ఉన్నంతసేపు పాడింది. నా లోపల చెక్క సన్నగా అదిరింది. ఆ అదురు దాని చెవికి అందిందో లేదో తెలుసుకునేలోగా వంటింట్లోంచి అమ్మ పిలిచింది. బట్టల దొంతర మళ్లీ నా మీద సర్ది వెళ్లిపోయింది.