నాకు తెలియని ఉద్యోగం

"రెండో ఉద్యోగం సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమే?" అంది లెక్కలమ్మ.

అప్పుడు నేను అద్దం అంచు అరగదీస్తున్నాను. మాది కళ్ళజోళ్ళు తయారుచేసే చోటు. చీటీలో రాసిన కొలతకి అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం నా పని. చెయ్యి కదిలితే అద్దం పోతుంది. అద్దం పోతే జీతంలో కోత. అందుకని తల ఎత్తకుండానే, "ఏ ఉద్యోగం?" అన్నాను.

"అబ్బో, ఏమీ ఎరగనట్టు! అది ముగించి నా గదికి రా."

లెక్కలమ్మ మా దగ్గర జీతాలు చూసే మనిషి. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇన్నాళ్ళూ ఆదాయపు పన్ను కాగితాలు ఎవరివి వాళ్ళే పంపుకునేవాళ్ళం. అంటే, నాది మా ఆయన పంపేవాడు. "నీకెందుకు ఆ తలనొప్పి, ఇక్కడ సంతకం పెట్టు" అనేవాడు. పెట్టేదాన్ని. ఈ ఏడు యజమాని అందరివీ ఇక్కడే నింపించమన్నాడు. పోయినేడు ఎవరో తప్పు రాసి పంపితే అధికారులు తన దగ్గరికొచ్చారట.

లెక్కలమ్మ కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. నా పేరు కింద రెండు వరసలున్నాయి. మొదటిది ఇక్కడి జీతం. రెండోది మా బావగారి కుర్చీలూ బల్లల దుకాణం నుంచి వచ్చిన జీతం. ఇక్కడ వచ్చేదానికన్నా అదే ఎక్కువ.

"పొరపాటున వేశారేమో."

"పొరపాటు ఒక నెల పడతారు. ఇది మూడేళ్ళ నుంచి ఉంది. పాత కాగితాల్లో నీ సంతకాలూ ఉన్నాయి. పైగా చివరి నెలల్లో పెంచారు కూడా. ఇన్నేళ్ళ నుంచి ఉన్నాను, నాకు పెంచిన మొగాడు లేడు!" నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. "నీకు నిజంగా తెలీదా?"

తెలీదన్నాను.

"చూడు, వాళ్ళు ఇచ్చామని పంపారు. నువ్వు అందిందంటే ఏ గొడవా లేదు. అందలేదంటే కింద కారణం రాయాలి, అప్పుడు వాళ్ళని పిలిచి అడుగుతారు. గడువు రేపే. ఇవాళ వెళ్ళి కనుక్కో."

సాయంత్రం వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. బావగారు బయటికెళ్ళారు. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర మా తోడికోడలు కూర్చుని ఉంది. నన్ను చూడగానే కుర్చీ లాగింది.

"రా రా. ఇవాళైనా మంచి కబురు తెచ్చావా? అత్తగారు పోయి నెలలవుతోంది, మావయ్యగారిని మీ ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తున్నావు?"

"నేను అందుకు రాలేదక్కా. నా పేరు మీద ఏదో జీతం..."

"ఇంకా పెంచాలా తల్లీ?" అని నవ్వింది. "ఆయన బరువు మనిషి, లేపి కూర్చోబెట్టాలంటే నడుం విరుగుతుంది అన్నావట. న్యాయమే అని పెంచాం. తీరా చూస్తే మనిషేమో ఇక్కడున్నాడు, డబ్బేమో అక్కడికి పోతోంది. ఇదెక్కడి బేరం?"

"నేనన్నానని ఎవరు చెప్పారు?"

"మీ ఆయనే. అత్తగారు మంచాన పడ్డప్పుడూ అంతేగా! మా ఆవిడ ఉత్తినే చెయ్యనంటోంది, పనిమనిషికిచ్చేదేదో తనకే ఇమ్మంటోంది అన్నాడు. నేను తప్పుపట్టలేదమ్మా. నాకైతే బంగారం పోసినా ఆ పని చేతకాదు. ఆడపడుచే నొచ్చుకుంది, అత్తకి చెయ్యడానికి రేటు పెట్టిందా అని. సగం తనే ఇస్తోంది కదా మరి. దుకాణం జీతాల్లో చూపిస్తే మాకు పన్ను కలిసొస్తుందని నీ పేరు రాయించాం. ఎందుకలా చూస్తున్నావు? మంచినీళ్ళు తాగుతావా?"

వద్దన్నాను. లేచి వచ్చేశాను.

బస్సెక్కలేదు, నడిచాను. రోడ్డు పక్క దుకాణాలన్నీ రోజూ చూసేవే, ఆ రోజు ఒక్కటీ కళ్ళకి ఆనలేదు. ఆ మూడేళ్ళలోని ఒక్కో మాటా వెనక్కి తిరిగి కొత్త మొహంతో ఎదురొచ్చింది. ఆడపడుచు వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విప్పి నేరుగా తల్లి మంచం దగ్గరికెళ్ళేది. దుప్పటి కొన ఎత్తి చూసేది, వాసన చూసేది. "వీపు ఎర్రబడింది వదినా, చూసుకోవద్దూ? మరి నువ్వున్నది దేనికి?" అనేది. నా కన్నా చిన్నది, నన్ను తనిఖీ చేస్తోందేమిటా అని నేను వంటింట్లోకెళ్ళి గిన్నెల మీద కోపం చూపించేదాన్ని. తోడికోడలు ఏనాడూ ఒక్క పూట నేనుంటానులే, నువ్వు పడుకో అనలేదు. నాకు జ్వరమొచ్చిన వారం కూడా, "మరి ఎవరినైనా మాట్లాడుకున్నావా నీ బదులు?" అని ఫోనులో అడిగింది. రాతిగుండె అనుకున్నాను. రాయి కాదు, యజమాని. డబ్బిచ్చినవాళ్ళు పని అడుగుతారు. లెన్సు సరిగ్గా లేకపోతే మా యజమానీ అలాగే అడుగుతాడు. నేను ఆయన్ని తిట్టుకోను. వీళ్ళని మాత్రం మూడేళ్ళు తిట్టుకున్నాను.

అత్తగారు నన్ను పేరు పెట్టి పిలవలేదు. చెంచాతో గ్లాసు మీద కొట్టేది. ఆ చప్పుడికి అద్దాల పని చేసి అలిసిపోయిన వేళ్ళతో లేచి వెళ్ళేదాన్ని. ఎత్తి పోసేదాన్ని, తుడిచేదాన్ని, జుట్టు చిక్కు తీసేదాన్ని. ఒక్క మంచి మాట అంటుందేమోనని చూసేదాన్ని. సిగ్గులేకుండా చెప్తున్నాను, చూసేదాన్ని. పోయే ముందు వారాల్లో ఒకసారి, ఒళ్ళు తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. "ఇచ్చేదానికి ఇంత చెయ్యక్కర్లేదే. కాసేపు నడుం వాల్చు" అంది. నాకు అర్థం కాలేదు. మతి చెదిరిందనుకున్నాను. "ముందు మాత్ర మింగండి అత్తయ్యా" అన్నాను. ఎవరిచ్చేది, ఏమిచ్చేది అని అడిగి ఉంటే ఆ మంచం మీదే సంగతి తేలిపోయేది. ఆవిడ నా మీద జాలిపడింది, కూలికి మించి చేస్తున్న మనిషి మీద పడ్డట్టు. ప్రేమతో చేస్తున్నానని ఆవిడకి తెలియకుండానే పోయింది. నిజానికి అది ప్రేమేనా అంటే, మొదట కాదు. చెయ్యగా చెయ్యగా అయింది. అది అందాల్సిన మనిషికి అందలేదు. ఆవిడకీ నాకూ మధ్య మూడేళ్ళు ఒక మనిషి అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరివైపూ చెయ్యి చాచి పుచ్చుకున్నాడు.

ఆ మనిషి మరీ చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది. రోజూ వాళ్ళ మీద నేను చెప్పుకునే చాడీలు ఓపిగ్గా వినేవాడు. "మా వాళ్ళంతే, బండలు. వాళ్ళ మాట పట్టించుకోకు. నేను లేనూ?" అనేవాడు. నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని పిక్కలు నొక్కేవాడు. ఆ చేతుల కోసమే నేను మర్నాడు మళ్ళీ లేచేదాన్ని.

ఇంటికెళ్ళేసరికి స్నానాలగదిలో గోడకి రంధ్రం చేసి కడ్డీ బిగిస్తున్నాడు. మావయ్యగారు పట్టుకుని లేవడానికి. "ఆలస్యమైందేం? ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. తర్వాత అడిగాను.

బిగిస్తున్న చెయ్యి ఆగలేదు. "ఓ, అదా. చెప్దామనే అనుకున్నాను."

"మూడేళ్ళ నుంచా?"

"నీ చేతికిస్తే ఏం చేసేదానివి? అత్తగారికి చేసినందుకు డబ్బేమిటి అని తీసుకెళ్ళి తిరిగిచ్చేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

నిజమే. ఇచ్చేసేదాన్ని. అది తెలిసే చేశాడు. నా మంచితనాన్ని నాకన్నా బాగా లెక్కగట్టుకున్నాడు.

"ఉత్తినే చెయ్యనన్నానని చెప్పావట."

"అలా చెప్పకపోతే వాళ్ళు చిల్లిగవ్వ విదిలిస్తారా? ఊరికే నిన్ను వాడుకునేవాళ్ళు. నీ కోసమే గట్టిగా మాట్లాడాను." కడ్డీ పట్టుకుని వేలాడి చూశాడు. ఊడలేదు. తృప్తి పడ్డాడు. "దొంగతనం చేసినట్టు చూస్తావేం? ఆ డబ్బు ఇంటికే పెట్టాను. కారు కొన్నాను, నువ్వెక్కలేదూ?"

ఎక్కాను. వెనక సీట్లో, అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు.

"నేను జీతానికే చేశాననుకుని ఆవిడ పోయింది" అన్నాను.

"అనుకుంటే అనుకుంది. పోయిన మనిషికి దాంతో ఏం పని? నాన్న ఆదివారం వస్తున్నాడు. ఆ కాగితంలో అందిందని రాయించెయ్, గొడవ వదిలిపోతుంది."

అన్నం పెట్టాను. తిన్నాడు. కాళ్ళు నొప్పులా అని అడిగాడు. లేవన్నాను.

మర్నాడు పొద్దున్నే లెక్కలమ్మ గదిలో కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. "మొగుడు మెత్తనివాడని నువ్వే చెప్పేదానివి" అంది. అంతకు మించి అనలేదు, మంచిది.

"ఆలోచించుకో. అందలేదంటే మీ బావగారిని పిలుస్తారు. ఆయన మీ ఆయన్ని చూపిస్తాడు. పాత సంతకాల గురించి నిన్నూ అడుగుతారు. నీకూ ఏదో జరిమానా పడుతుంది."

"పడనీండి. చూడకుండా సంతకం పెట్టింది నేనే కదా."

అంతలో ఫోను మోగింది. మా ఆయనే.

"రాయించావా? ఇంకా లేదా? విను. అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు, వదిన ఏదో చెప్పిందట. నువ్వు అందిందను, నేను ఇక్కడ సర్దుకుంటాను. ఒక్క మాటే కదా! లేదన్నావనుకో, నా మొహం ఎక్కడ పెట్టుకోను? చెల్లెలి ముందు తలెత్తుకోగలనా?"

"పోయిన అత్తయ్య ముందు నేను తలెత్తుకోవాలి" అన్నాను.

"నీకేమైంది? నువ్వు మంచిదానివి. మంచిగా చేశావని అందరికీ తెలుసు."

"ఎవరికీ తెలీదు. నువ్వు తెలియనివ్వలేదు."

"సరే, సాయంత్రం మాట్లాడుకుందాం. నాన్న గదికి పరుపు చూశాను. వచ్చేటప్పుడు దుప్పట్లు తీసుకురా" అన్నాడు. ఫోను పెట్టేశాను.

లెక్కలమ్మ వేళ్ళు మీటల మీద పెట్టుకుని చూస్తోంది. "చెప్పు. కారణం దగ్గర ఏం వెయ్యను?"

"ఈ జీతం నాకు అందలేదు. నా భర్త తీసుకున్నాడు. ఈ పనికి నేను జీతం అడగలేదు."

"మూడోది అక్కర్లేదేమో. పన్నువాళ్ళకి దాంతో పని లేదు."

"ఉంచండి. ఎవరో ఒకరు చదువుతారు."

వేసింది. కింద ఇంకో గడి ఉంది. చదివి వినిపించింది: "ఈ ఉద్యోగంలో ఇంకా ఉన్నారా?"

"లేను."

"ఎప్పుడు మానేశావు? మీ అత్తగారు పోయిన తేదీ వేసెయ్యనా?"

"వద్దు" అన్నాను. "ఆవిడ దగ్గర నేను ఎప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు. చేసింది మా ఆయన దగ్గర. ఇవాళ్టి తేదీ వెయ్యండి."