చదవకుండా వదిలేసిన తొమ్మిది ఫైళ్లు

మా ఆయన చొక్కా నేను ఇస్త్రీ చేస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. టీకాల గది సిస్టర్.

“మేడమ్, శనివారం పొద్దున ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదని మా ఆయా ఇప్పుడు చెప్తోంది. అలారం మాత్రం మోగలేదు. కాస్త చూస్తారా?”

ఆ ఫ్రిజ్‌లో వేడి పెరిగితే అలారం మోగించే సాఫ్ట్‌వేర్ బాధ్యత నాది.

“చొక్కా సగంలో వదిలేసి ఎక్కడికి?” అన్నారాయన. “ఫైళ్లు చూసే ఉద్యోగానికి ఇంత హడావుడా?” అంది అత్తయ్య. చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

ఫ్రిజ్ లోపలి వేడి ఎంతో నమోదు చేస్తూ రోజుకో లాగ్ ఫైలు రాస్తుంది. ఫోల్డర్‌లో అన్నీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో వెతికితే మాత్రం గత తొమ్మిది రోజులవి ఒక్కటీ లేవు. ఫైళ్లు చదివే అనుమతులు చూశాను, ఫోల్డర్ దారి సరిచూశాను, ఆపి మళ్లీ నడిపాను. లాభం లేదు. చివరికి రెండు ఫైళ్లు పక్కపక్కన తెరిచాక తెలిసింది. రెండింటి మొదటి వరుసలూ అచ్చంగా ఒకటే: ఆసుపత్రి పేరు, చిరునామా, విభాగం. ఫైలు మొదలు మాత్రమే చూసి అది కొత్తదో పాతదో తేల్చుకునే సాఫ్ట్‌వేర్ ఇది. చదివేసినదే కదా అని తొమ్మిదింటినీ పక్కన పడేసింది.

పది రోజుల కిందట ఆ వరుసలు పెట్టింది నేనే; అంతకుముందు ఫైలు ఆ రోజు తేదీతోనే మొదలయ్యేది. తనిఖీకి వచ్చేవాళ్లకి అందంగా కనపడాలని మేనేజరు పెట్టమన్నారు. ముందు ఒకసారి పరీక్షించి చూద్దామంటే, “మీ ఆడవాళ్లకి ప్రతిదానికీ భయమే” అని నవ్వారు. ఆ మధ్యాహ్నమే ఇంటి నుంచి ఆరు ఫోన్లు. అత్తయ్య కళ్లజోడు ఎక్కడ పెట్టావంటూ. పరీక్షించకుండానే పని ముగించి ఇంటికి పరుగెత్తాను.

తేదీతో ఉండే ఫైలు పేరు కూడా చూడమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాను. తొమ్మిది రోజులూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. శనివారం దగ్గర తెర ఎర్రబడింది. ఎనిమిది డిగ్రీలు దాటకూడని చోట ఐదు గంటలపాటు పద్నాలుగు. సిస్టర్‌ని అడిగితే, ఆ తర్వాత ఆ ఫ్రిజ్‌లోని టీకాలు నలభై ఒక్కమంది పసివాళ్లకు వేశామంది.

వెళ్లి సంగతి చెబితే మేనేజరు తన గది తలుపు దగ్గరగా వేశారు. “ఇప్పుడు బాగైందిగా. ఆ ఎరుపు చెరిపేయండి. మార్పు చేసినట్టు మీ పేరే ఉంది, గుర్తుంచుకోండి. మీ మంచికే చెప్తున్నా.”

బాత్రూంలోకి వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. “సార్ చెప్పినట్టు చెయ్యి. పరువు బజారున పడేస్తావా? నోరు మూసుకుని ఇంటికి రా.”

కుళాయి తిప్పి అలాగే నిలబడ్డాను. ఉద్యోగం పోతుంది. రేపు ఎవరో ఒక పసివాడి తల్లి నా జుట్టు పట్టుకుంటుంది. ఇంట్లో ఇక మాటమాటకీ దెప్పుతారు. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో పాలు పొంగినా, ఆయన బస్సు తప్పినా, అత్తయ్యకు నిద్ర పట్టకపోయినా తప్పు నాదేనని ఒప్పుకుంటూ వచ్చాను. చెయ్యనివన్నీ నా చేత ఒప్పించారు. నేను నిజంగా చేసిన తప్పు ఇదొక్కటే. దీన్ని మాత్రం ఒప్పుకోవద్దంటున్నారు.

కుళాయి కట్టేశాను. పిల్లల డాక్టరు గదికి వెళ్లాను. ఆవిడ కళ్లలోకి చూడలేక బల్ల అంచు పట్టుకుని చెప్పాను.

“డాక్టర్ గారూ, శనివారం నుంచి వేసిన టీకాలు పనిచేయకపోవచ్చు. పరీక్షించకుండా మార్పు చేసింది నేను. పిల్లలందర్నీ వెనక్కి పిలవాలి.”

ఆవిడ సిస్టర్‌ని టీకాల రిజిస్టరు తెమ్మన్నారు.

భయం ఇసుమంత కూడా తగ్గలేదు. రిజిస్టరు నా వైపు తిప్పుకుని, మొదటి తల్లి నంబరు నేనే నొక్కాను.