సెకనుకు ఒక మీటరు

ట్రాలీ లారీలా దూసుకొచ్చిందని మాసయ్య ఊరంతా చెప్పాడు. అరవడానికి కూడా సందు దొరకలేదన్నాడు. భాగ్యమ్మ దినాలు కాకముందే వీపనగండ్లలో ఆ మాట అందరి నోళ్లలో నానింది. ఆమె మొగుడు బాలయ్యకు మాత్రం అది గొంతు దిగలేదు. అన్న మాసయ్య చెప్పింది నిజమైతే పెండ్లాం చావు ఎవరి చేతుల్లోనూ లేదు. అబద్ధమైతే ఒక్క కేకతో బతికేది. ఆ రెండింట్లో ఏదో తేలేదాకా మాసయ్యతో కలిసి ఉమ్మడి చేనులో దిగేది లేదనుకున్నాడు.

మాసయ్య కూతురు యమున వనపర్తి కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. బాలయ్య ఆమెనే పిలిపించాడు.

“నీ నాయన మీద లెక్క తియ్యమంటున్న. తీస్తవా, రక్తం అడ్డమొస్తదా?”

“తీస్త చిన్నాయనా. కానీ వచ్చింది వింటవా? నీకు నచ్చిందే వింటవా?”

“ఎంతొస్తె గంత.”

జరిగింది ఇది. ట్రాక్టరు ఇంజను మొరాయించింది. వేరుశనగ బస్తాల ట్రాలీని మోటారు గది పక్కకు చేతులతోనే నెట్టారు. వెనక బాలయ్య, వాళ్ల చేనులో కొంత కౌలుకు చేసే ఖాజా మియా, ఇంకో ఇద్దరు కూలీలు. ముందు ఇనుప నొగ పట్టుకొని దారి తిప్పేవాడు మాసయ్య. ఆ ట్రాలీకి బ్రేకులు లేవు. ఆపాలంటే టైరు కింద రాయి వెయ్యాలి. నొగ మాసయ్య చేతిలోంచి జారింది. రాయి వెయ్యడానికి ఎవరికీ అందలేదు. ఆ గది గోడ దగ్గర సద్దిగిన్నె కడుగుతున్న భాగ్యమ్మ ట్రాలీకీ గోడకూ మధ్య నలిగింది. వెనకవాళ్లకు బస్తాల అవతల ఏమీ కనిపించలేదు.

యమున అదే ట్రాలీని అన్నే బస్తాలతో అదే చోట పెట్టించింది. తాడు కట్టి, మధ్యలో పత్తి తూచే వేలాడే కాంటా తగిలించింది. నెట్టే బదులు నలుగురినీ తాడు పట్టి లాగమంది. ముల్లు ఎలా కదులుతుందో ఫోనులో వీడియో తీసింది.

“ఆనాడు ఎట్ల నెట్టిండ్రో గట్లనే గుంజుండ్రి. ఎక్కువ పౌరుషం వద్దు.”

“ఆనాడు నాలుగు జొన్నరొట్టెలు తిని ఉంటిమి యమునమ్మా. ఇయ్యాల చాయ్ నీళ్లే. లెక్క తప్పుతదేమో జర చూడు” అన్నాడు ఖాజా మియా. ఎవరూ నవ్వలేదు.

గట్టు మీద బీడీ కాలుస్తూ మాసయ్య ఎకసెక్కెం చేశాడు. “గదేందే, సంతల కోడిని తూచినట్టు? సచ్చిన మనిషి కాంటాకెక్కుతదా?”

లాగడం మొదలైనప్పుడు ముల్లు నూట అరవై కిలోల మీద ఉంది. ఐదు సెకన్లకు గోడ దగ్గరికొచ్చింది ట్రాలీ. బస్తాలతో దాని బరువు రెండు టన్నులు.

బాలయ్య ఏడో తరగతి చదివాడు. కిలోకు పది చొప్పున బలం కట్టమని యమున అంటే పుల్లతో ఎర్రమట్టిలో తానే రాశాడు. పదహారు వందలు. వేగం కోసం దాన్ని ఐదు సెకన్లతో గుణించి, రెండు వేల కిలోల బరువుతో భాగించాడు.

“నాలుగు” అన్నాడు.

“సెకనుకు నాలుగు మీటర్లంటే మనిషి పరుగు” అంది యమున.

“నేను చెప్పలే?” మాసయ్య గట్టు మీంచి లేచాడు.

బాలయ్యకు చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. అన్న అబద్ధమాడలేదు. పుల్ల పారెయ్యబోయాడు.

“ఆగు చిన్నాయనా. నూట అరవై మొదట్లనే. బండి కదిలినాక చేతులు సడలినయి. చూడు.” వీడియో చూపించింది. ముల్లు దిగుతూ దిగుతూ ఎనభై దగ్గర నిలిచింది. “మారే బలాన్ని పెద్ద అంకెతోని గుణిస్తె తప్పు. ఇంకోటి, ముందుగాల మెల్లగ గుంజి చూసినప్పుడు గూడ ఎనభై చూపిచ్చింది. అంటె ఎనభై నేల రాపిడే తింటది. బండికి మిగిలేది మొదట్ల ఎనభై, చివరకు సున్న.”

మట్టిలో కాలానికి ఒక అడ్డగీత, బలానికి ఒక నిలువుగీత గీసింది. పైనుంచి కిందికి వాలుగా ఇంకొకటి గీసి కలిపింది. త్రిభుజం అయింది.

“దీని లోపల ఉన్నదంత ప్రచోదనం. బండికి పడ్డ మొత్తం తోపు. ఎనభై కిలోలంటె ఎనిమిది వందలు. దాన్ని ఐదుతోని గుణించి సగం చెయ్యి. రెండు వేలు. బరువు రెండు వేలు.”

“ఒకటి” అన్నాడు బాలయ్య.

“సెకనుకు ఒక మీటరు. అదిగూడ గోడ దగ్గర. దానికి ముందు ఇంకా నిమ్మలం.”

ఆమె గోడవైపు నడిచి చూపింది. చంటిపిల్లను ఎత్తుకున్న మనిషి నడక అది.

“దీంట్ల నాదెంత?” త్రిభుజాన్ని చూస్తూ బాలయ్య అడిగాడు. “నలుగురం నెట్టినం గద.”

యమున కాలితో గీతలు చెరిపింది.

బాలయ్య అన్నవైపు తిరిగాడు. “లారీ లెక్క వచ్చిందంటివి.”

మాసయ్య బీడీ ఆరిపోయింది.

“ఎందుకు పిలువలే?”

“ఎట్ల పిలుస్త తమ్మీ? మరదలాయె.”

ఆ ఇంట్లో పద్ధతి అది. బావ ఎదురైతే మరదలు కొంగు కప్పుకొని మొహం తిప్పుకుంటుంది. బావ మరదలిని పేరు పెట్టి పిలవడు. భాగ్యమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి మాసయ్య ఏం కావాలన్నా తమ్ముడితోనే చెప్పించేవాడు.

“నన్ను జూసి కొంగు కప్పుకొని గోడదిక్కు తిరిగింది” అన్నాడు మాసయ్య. “మర్యాద చేసింది తమ్మీ. నోరు తెరిస్తి. పేరు రాలే. ఓయ్ అందామంటె, ఇంటి కోడలిని గట్లంటరా? నీతోని చెప్పిద్దామని నిన్ను చూస్తి. నువ్వు బస్తాల ఎనక ఉంటివి.”

“నాతోని చెప్పిద్దామనుకున్నవా?”

“గదే అలవాటు గదరా.”

యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాలయ్య తిట్టలేదు. చెయ్యెత్తలేదు. “ఇప్పుడు పిలువు” అన్నాడు.

మాసయ్య తలగుడ్డ తీశాడు. గోడవైపు తిరిగి రెండుసార్లు నోరు కదిపాడు. మూడోసారి పిలిచాడు.

“భాగ్యమ్మా!”

కేక మోటారు గది దాటి పక్క చేలలోకి పోయింది. అక్కడ కలుపు తీస్తున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు.

మాసయ్య కూలబడి ఏడ్చాడు. “తమ్మీ, ఒక్క మాటన్న అను. తిట్టన్న తిట్టు.”

చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉన్నాడు అన్న. బాలయ్య అతని మీంచి చూపు తీసేసి కౌలుదారును పిలిచాడు.

“ఖాజా, చేను పంచుకుంటున్నమని ఆయనకు చెప్పు.”