మలుపు దాటితే బస్సు కనపడదు

బస్సు లోయ అంచున ఆగగానే జనమంతా దిగి రాళ్ళ బాట పట్టారు. ఆయన మాత్రం దిగీ దిగగానే వెనక టైరు దగ్గరికి నడిచి, వంగి చూశాడు. టైరు కింద రాయి లేదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన ఈ దారిలోనే బస్సు నడిపాడు. జనాన్ని ఇక్కడ దింపడం, వాళ్ళు లోయలోకి వెళ్ళి సముద్రం చూసొచ్చేదాకా బస్సును కనిపెట్టుకుని కూర్చోవడం, మళ్ళీ ఎక్కించుకుని పోవడం. బండి కంటికి ఆనకుండా పోయేంత దూరం వెళ్ళకూడదని పని నేర్పిన పెద్ద డ్రైవరు చెప్పాడు. ఆ మాట ఒంట్లో ఇంకిపోయింది. అందుకే ఇన్నేళ్ళూ వచ్చాడన్న మాటే గానీ లోయలో అడుగు పెట్టింది లేదు. మొగుడితో కలిసి ఒక్కసారైనా దిగి చూడాలని భార్యకు పెళ్ళయిన కొత్తల్నుంచీ కోరిక. ఇప్పుడామె మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే ఏటికి ఈ దిగుడు ఆమె వల్ల కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అందుకే ఇవాళ కలిసి వచ్చారు.

ఆయన ఓ రాయి దొర్లించుకొచ్చి టైరు కింద పెడుతుంటే, కుర్ర డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"బ్రేకు వేశాను బాబాయ్."

"వేశావులే. రాయి కూడా ఉంటే పోయేదేముంది?"

"ఏం పోదు గానీ, పిన్ని వెళ్ళిపోతోంది, అటు చూడు."

ఆమె అప్పటికే చేతికర్ర పొడుచుకుంటూ దిగుతోంది. ఆయన గబగబా వెళ్ళి అందుకున్నాడు.

"కాస్త ఆగొచ్చుగా."

"ఇన్నాళ్ళూ ఆగానుగా. ఇక మోకాళ్ళు ఆగేలా లేవు."

నాలుగడుగులకోసారి ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

"నా సవతి కులాసానా?" అందామె తల తిప్పకుండానే.

"వాలులో పెట్టాడే ఆ కుర్రాడు."

"అది మీ బస్సు కాదు. టికెట్టు కొనుక్కుని ఎక్కాం."

బాట ఒక పెద్ద బండ చుట్టూ తిరిగింది. అది దాటితే బస్సు కనపడదు. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"సరే, ఇక్కడే ఉండండి. నేను చూసొస్తా" అందామె. ఆ గొంతులో కోపం లేదు. కర్ర చప్పుడు మలుపు తిరిగి దూరమైంది.

పైన బస్సు పెట్టినచోటే ఉంది. ఒకవేళ కదిలిందే అనుకో, ఇక్కణ్ణుంచి తనేం చేయగలడు? ఆ మాటకొస్తే పక్కనే కూర్చున్న రోజుల్లో మాత్రం, చేతులడ్డం పెట్టి ఆపేవాడా? ఆ ఆలోచన ఇన్నేళ్ళలో ఒక్కనాడూ రాలేదు. కాసేపు నిలబడి, మలుపు తిరిగాడు.

అటూ ఇటూ నల్లటి బండలు ఒకదానిమీదొకటి పేర్చినట్టున్నాయి. వాటి సందున సముద్రం. కొంచెం కింద, మోకాలెత్తు మెట్టు దగ్గర ఆమె నిలబడిపోయి ఉంది. దిగలేదు, వెనక్కీ రాలేదు. ఆయన ముందు తను దిగి భుజం అందించాడు. ఆమె బరువంతా దానిమీద వేసి దిగింది.

కింద చదును రాతిమీద కూర్చున్నారు. అలలు బండల్లోకి దూరి హోరుమంటున్నాయి.

"పైకి కూడా వినపడేదే ఇది. గాలేమో అనుకున్నా ఇన్నాళ్ళూ."

ఆమె నవ్వి మోకాళ్ళు రుద్దుకుంది.

పైన హారను మోగింది. ఆయన లేవబోయి, ఆమె కాళ్ళకేసి చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"మనల్ని వదిలేసి పోడులే. కాళ్ళు చాపుకో" అన్నాడు.