జీవరత్నం వదిన సాక్ష్యం

పటమటలో కళ్యాణమండపం అద్దెకు తీసుకుని వాతావరణ మార్పు మీద ప్రజల సభ పెట్టారు. మా ఊరి నుంచి నేనూ, జీవరత్నం వదినా వెళ్లాం. చుట్టరికం లేదు, మా పొలాలకి గట్టొకటే, అలా వచ్చిన వరస. కిందటేడు వరదకి మా డ్రెయిన్ షట్టరు, అదే మురుగుకాలవ మీది ఇనప తలుపు, తుప్పుపట్టి లేవక, నీళ్లన్నీ ఊరిమీద పడ్డాయి. వదిన భర్త పాల్ అన్నయ్య కొట్టుకుపోయాడు. ఆ షట్టరు మార్చాలని సభ తీర్మానంలో రాయించాలని మా ఆరాటం. వానల్లోపు మారకపోతే ఈసారి ఎవరి వంతో!

వ్యాపారం చేసే పెద్దమనిషి లేచి, "ఏదేమైనా అభివృద్ధి ఆగకూడదండీ" అన్నాడు. కాలేజీ పిల్ల, "భూమాతని కాపాడుకోవాలండీ" అంది. సభకి అధ్యక్షుడిగా కూర్చున్న డ్రెయిన్ల శాఖ పెద్ద ఇంజనీరేమో, "ఇది గ్లోబల్ ప్రాబ్లమండీ, మన చేతుల్లో లేదు" అన్నాడు. ఎవరికేది ముద్దో ఆ మాటే వస్తుంది నోట్లోంచి. షట్టరన్న మాట ఒక్కరూ ఎత్తరే! నాకు ఒళ్లు మండిపోయింది.

వదినకి మైకిచ్చారు. ఆమెకి మైకంటే చర్చిలో సాక్ష్యం చెప్పడమే తెలుసు. ముందు దేవుడికి స్తోత్రం, ఆ తర్వాతే జరిగింది చెప్పడం.

"దేవునికి స్తోత్రం. ఆ వరదలో నాకు కొమ్మ అందించింది ఆయనే. నా భర్తని పిలుచుకున్నాడు. ఆయన చిత్తం..." అని, మైకు కిందికి దించింది.

ఇంజనీరు టక్కున అందుకున్నాడు. "అమ్మగారే చెప్పారు కదండీ, అంతా దైవాధీనం." పక్కన తీర్మానం రాస్తున్న అమ్మాయి వైపు తిరిగాడు. "వినీలా, తీర్మానంలో ఆ మాటే రాయమ్మా."

హాలంతా తలలూపారు. ఓరి నీ దుంపతెగ! నేను లేవబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఉండు రాజ్యం" అని మళ్లీ మైకందుకుంది.

"అయ్యా, దేవుడి చిత్తమని నేను ఏడ్చుకుంటాను. మీరనకూడదు. షట్టరు లేవట్లేదని మా ఆయన మీ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. బాగుచెయ్యమని ఆయన దేవుణ్ణి అడగలేదయ్యా, మిమ్మల్ని అడిగాడు."

తలలూపినవాళ్లందరూ నేలచూపులు చూశారు. రాస్తున్న వినీల పెన్ను ఆపేసి, "ఏం రాయమంటారు సార్?" అంది.

వదినే చెప్పింది. "ముందు పాల్ అని రాయమ్మా. తర్వాత షట్టరని రాయి."

వినీల రాసింది. ఇంజనీరు కింద సంతకం పెట్టాడు. తిరుగు బస్సులో వదిన నా ఒళ్లో తల పెట్టుకుని, పాల్ అన్నయ్య పోయాక మొదటిసారి భోరుమని ఏడ్చింది.