ఫొటోలో పడని పెళ్లికూతురు

పొద్దున్నే దుకాణం షట్టరు ఎత్తి, అద్దాల బీరువా తుడిచి, కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ముక్కు మీద కళ్లజోడు పెట్టి, "చెవి దగ్గర నొక్కుతోందాండీ?" అని అడగడం ఇద్దరు అక్కచెల్లెళ్లలో చెల్లెలి పని. పదకొండేళ్లుగా అదే పని. ఎవరి ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో ఒక్క చూపులో చెప్పేస్తుంది. తన ముఖం మాత్రం ఏ ఫొటోలోనూ పడదు. పుట్టినప్పటి నుంచీ అంతే.

అద్దంలో కనబడుతుంది, నీళ్లలో కనబడుతుంది. కెమెరా ఎత్తితే మాత్రం ఆమె ఉన్నచోట వెనకాల గోడ వస్తుంది. ఇంట్లో దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. కొందరికి ఎడమచేతి వాటం, కొందరికి ఏడాదంతా జలుబు, ఈ పిల్లకి ఇది. ఆల్బమ్ చూపించేటప్పుడు వాళ్లమ్మ, "ఇది నేను, ఇది పెద్దది, ఈ ఖాళీ మా చిన్నది. ఆ రోజు భలే ముద్దుగా ఉందిలెండి" అనేది. చూసేవాళ్లు కూడా మర్యాదకి తలూపేవాళ్లు.

చిక్కల్లా సంబంధాల దగ్గర వచ్చింది. ఫొటో పంపమంటే పంపారు. ఒకాయన "కుర్చీ బాగుందండీ" అని తిప్పి పంపాడు. ఇంకొకాయన ఆ మాటా అనలేదు. చివరికి కళ్లజోడు విరగ్గొట్టుకుని దుకాణానికొచ్చిన ఒక లిఫ్టు మెకానిక్ ఆమెని ఎదురుగా చూశాడు. వారం తిరక్కుండా రెండో కళ్లజోడు కూడా విరగ్గొట్టుకుని వచ్చాడు. పెళ్లి కుదిరింది.

ఇక మిగిలింది రిజిస్ట్రారు. "పెళ్లినాటి ఫొటోలో ఇద్దరూ కనబడాలమ్మా. ఒక్కరే కనబడితే ఒక్కరి పెళ్లని ఎలా రాసుకోను?" అన్నాడాయన. పాపం, ఆయన్ని అనడానికీ లేదు. ఆ ఫొటో రాకపోతే పెళ్లి అయీ కానట్టే.

అక్క నడుం బిగించింది. అక్కంటే మామూలు అక్క కాదు. బస్సెక్కితే రెండు సీట్లు, నోరు విప్పితే నాలుగిళ్లు.

మొదట గాజు తలుపుల స్టూడియోకి వెళ్లారు. "కంగారేం లేదు మేడమ్, ముఖం కంప్యూటర్లో అతికించేస్తాం" అన్నాడు అక్కడి కుర్రాడు.

"ఎవరి ముఖం?" అంది అక్క.

"మా దగ్గర చాలా ఉన్నాయండీ."

అక్క కాఫీ సగంలో వదిలేసి లేచింది. రెండోచోట నాలుగు లైట్లు పెట్టి, తెల్ల గొడుగులు విప్పి, గంటసేపు తీశారు. కుర్చీ మళ్లీ అద్భుతంగా వచ్చింది.

మూడోది సైకిల్ షాపు పైన చిన్న గది. ఫొటోలు తీసేది యాభై దాటిన ఆవిడ. అందరూ ఆవిడని 'నిదానం' అంటారు, ఆ పేరుకి ఆవిడ కూడా నిదానంగా పలుకుతుంది. తన ఆల్బమ్ ఒక్కటీ చూపించలేదు. "మీ ఇంటి ఫొటోలు తీసుకురండి, అన్నీ" అంది. తెచ్చాక వయసు వరసలో నేల మీద పరిచి, చతికిలబడి, కింద టైర్లకి గాలి కొడుతున్న చప్పుడు వింటూ చాలాసేపు చూసింది.

"ఇదిగో, ఆరేళ్లప్పుడు ఈ ఖాళీ ఒక పిల్లంత ఉంది. కాలేజీ నాటికి జానెడు. పోయినేడు తీసిన దీంట్లో నాలుగు వేళ్లు. ఇంకో రెండేళ్లు పోతే ఇక్కడ ఒక మనిషి ఉండేదనే తెలీదు."

అక్క వంగి చూసింది. ప్రతి ఫొటోలోనూ ఆ ఖాళీ పక్కన నిండుగా నిలబడ్డది తనే.

"పోనీలే అక్కా, ఫొటోలో అందరూ పట్టాలిగా. నేనే కాస్త సర్దుకున్నా" అంది చెల్లెలు.

మెట్లు దిగాక అక్క, "అతికిస్తాననలేదు, లైట్లు పెట్టలేదు. చూసింది. ఈవిడే మన మనిషి" అంది. ఆ తర్వాత ఇంటిదాకా మాట్లాడలేదు. చెల్లెలు భయపడి, జ్వరమేమోనని నుదురు కూడా పట్టి చూసింది.

పెళ్లిరోజు నిదానం ఎవర్నీ నవ్వమనలేదు, గడ్డం ఎత్తమనలేదు. మధ్యాహ్నానికి నాలుగు వందల ఫొటోలు తీసింది. నాలుగు వందల్లోనూ పెళ్లికొడుకు గాలి పక్కన నిలబడి సిగ్గుపడుతున్నాడు.

"ఏమండీ, ఏదో ఒకటి చెయ్యండి! నా చెల్లెలి బతుకండీ!" అంది అక్క.

"నేను ఇక్కడే ఉన్నాగా. మీరు భోంచేశారా?" అంది నిదానం.

జనం పల్చబడ్డారు. హాలు బయట గోడ వారగా ఒక బెంచీ ఉంది. పెళ్లికొడుకు బూట్లు విప్పుకుని ఒక చివర కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ నిలబడి కాళ్లు పీకేసిన అక్క మిగతా బెంచీ మీద కూలబడింది. మధ్యలో సందు చూసుకుని పెళ్లికూతురు అంచు మీద ఆనింది, సగం బెంచీ మీద, సగం గాల్లో. ఎదురుగా మెట్ల మీద నిదానం ఒళ్లో కెమెరా పెట్టుకుని ఉంది.

చెల్లెలు కాసేపు అలాగే వేలాడింది. ఎప్పట్లా "నేను నిలబడతాలే" అనబోయింది. కాళ్లు ఒప్పుకోలేదు.

"అక్కా."

"ఊ?"

"జరుగు. నాకు చోటు చాలట్లేదు."

ముప్పై రెండేళ్లలో ఆ నోటివెంట ఆ మాట రాలేదు. అక్క ఉలిక్కిపడి జరిగింది. చెల్లెలు పూర్తిగా కూర్చుని, వెనక్కి జారబడి, "అమ్మయ్య!" అంది. నిదానం అప్పుడు నొక్కింది.

కెమెరా వెనక చిన్న తెర మీద ఒక అమ్మాయి ఉంది. జుట్టు రేగింది, నోరు సగం తెరిచి ఉంది, ముక్కు కాస్త పెద్దదే. పక్కన పెళ్లికొడుకు చెప్పలేనంత హాయిగా ఉన్నాడు. అక్క బావురుమంది.

"మీ చెయ్యి చల్లగుండాలి తల్లీ!"

"చెయ్యి సరే, నడుం పట్టేసింది. ముందు నన్ను లేపండి" అంది నిదానం.

మర్నాడు రిజిస్ట్రారు ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. "బాగుంది, ఇద్దరూ ఉన్నారు. ఈ అంచున భుజం ఎవరిది?"

"నాదే" అంది అక్క.

"అయ్యో, మీరు ముప్పాతిక మనిషి పోయారే!"

"పోతే పోయానండీ. మీరు ముద్ర వెయ్యండి." ఆయన ముద్ర ఎత్తగానే అక్క చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడొద్దు, దాని ముఖం మీద పడుతుంది. ఇదిగో, నా భుజం మీద వెయ్యండి."

ఆయన అలాగే వేశాడు.