రామలింగప్ప స్టాంపు

కర్నూలు పక్కన కల్లూరులోని నేతకళా నిలయానికి డెబ్బై ఐదేళ్లు నిండుతున్న సందర్భంగా తపాలా శాఖ ఒక స్టాంపు విడుదల చేయబోతోంది. దానికి బొమ్మ గీయమని అడగడానికి నిలయం అధ్యక్షుడు సుదర్శన్ స్వయంగా కడపకు, ప్రమీలారాణి ఇంటికి వచ్చాడు. ఆమె కాలేజీలో చిత్రలేఖనం నేర్పుతుంది. ఆమె ఎవరి కూతురో అతనికి తెలియదు. అతనెవరో ఆమెకు బాగా తెలుసు.

ఆమె తండ్రి రామలింగప్ప ఆ నిలయంలోనే మగ్గం పని నేర్పేవాడు. అక్కడ అద్దాల బీరువాలో హంసల అంచు పాతచీర ఒకటి ఉండేది. ఒకనాడు అది మాయమైంది. అప్పటి కార్యదర్శి సుదర్శన్ నేరం రామలింగప్ప మీదికి తోశాడు. శిష్యులందరూ చూస్తుండగా అంగీ విప్పించి, సోదా చేయించి, గేటు బయటికి గెంటించాడు. ఆ తర్వాత రామలింగప్పకు ఎవరూ పని ఇవ్వలేదు. ఇంట్లో మగ్గం ముందు కూర్చున్నా చేయి ఆడేది కాదు. కుమిలి కుమిలి చనిపోయాడు. బడిలో ప్రమీలను దొంగోని కూతురనే పిలిచారు.

చిన్నప్పుడు నిలయంలో చూసిన ఆ చీరే ఆమెకు పెద్దయ్యాక వేంపల్లెలో కనిపించింది. బట్టల వ్యాపారి నాగసుబ్బయ్య దానికి అద్దం కట్టించి ఇంట్లో గోడకు పెట్టుకున్నాడు. “కర్నూలు సుదర్శన్ దగ్గర కొన్న్యానమ్మా. వాళ్ల అవ్వ చీరంట” అన్నాడాయన. ప్రమీల ఆ సంగతి బయట పెట్టలేదు. సుదర్శన్ మాటకు ఎదురు చెబితే వినేవాళ్లు ఆ రోజుల్లో ఎవరున్నారు?

ఇప్పుడు అతనే తన గడప తొక్కాడు. ఆమె మంచినీళ్లిచ్చి, గీస్తానని ఒప్పుకుంది.

గుంత మగ్గంలో కూర్చుని పోగు సరిచేస్తున్న నేతగాణ్ణి గీసింది. కళ్ల కింద ముడతలు, ఎడమ కనుబొమ మీద గాటు, కొద్దిగా విచ్చుకున్న పెదవులు, అన్నీ తండ్రివే. సుదర్శన్ బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

“మొగంలో శానా కళ ఉండాదమ్మా. యాడి మనిషి?”

“ఈ పక్కోడే సార్.”

“బాగుండాడు. ఇదే పంపిద్దాం.”

అతను గుర్తుపడతాడేమో అని ఆమె భయపడింది. గుర్తుపట్టకపోయేసరికి ఒళ్లంతా మండింది. ఒక మనిషిని చంపి, ఆ ముఖం కూడా మర్చిపోయాడు.

ఇంట్లో తల్లి మద్దమ్మ అంతా విన్నా చేటలో కందిపప్పు ఏరడం ఆపలేదు. “మర్చిపోతే మంచిదేలే. అచ్చయి రానీ. అప్పుడు మనమే చెబుదాం.”

బొమ్మకు ఢిల్లీలో ఆమోదం వచ్చాక ప్రమీల వేంపల్లెకు వెళ్లి నాగసుబ్బయ్యకు జరిగిందంతా చెప్పింది. ఆయన గోడమీది చీర వైపు చూశాడు.

“ఇన్నాళ్లూ దొంగసొత్తుకు దీపం పెట్టినానా నేను? సభ ఎప్పుడో చెప్పమ్మా. నేనే తెస్తా.”

కర్నూలులో సభ జరిగింది. తపాలా అధికారి తెర లాగగానే తలుపంత స్టాంపు బొమ్మ కనిపించింది. చప్పట్లు మోగాయి. వెనక వరసల్లోని ముసలి నేతగాళ్లు కొందరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మాట్లాడమని ప్రమీలను పిలిచారు. ఆమె తల్లిని కూడా చేయి పట్టుకుని వేదిక ఎక్కించింది.

“ఈయన పేరు రామలింగప్ప. మా నాయన. ఈ సుదర్శన్ గారు దొంగ అని చెప్పి, అంగీ విప్పించి బయటికి గెంటించింది ఈయన్నే.”

సుదర్శన్ లేచి మైకు అందుకోబోయాడు. అంతలో నాగసుబ్బయ్య ముందు వరసలోంచి లేచి, సంచిలోని చీర తీసి వేదిక అంచున పరిచాడు. “ఇది నాకు అమ్మింది నువ్వే కదప్పా. కాదని ఈడ చెప్పు.”

హంసల అంచు అందరికీ కనిపించింది. వెనక నుంచి ఒక ముసలాయన “అదే చీర” అన్నాడు. సుదర్శన్ తపాలా అధికారి వైపు తిరిగి, స్టాంపు ఆపండని గొణిగాడు.

“విడుదల అయిపోయింది సార్” అన్నాడు అధికారి. “అన్ని ఊర్లకూ పంపించేశాం.”

అప్పుడు ప్రమీల సుదర్శన్ ముఖం వైపు చూసింది. తలెత్తలేని ఆ ముఖాన్నే ఇన్నేళ్లూ ఆమె చూడాలనుకుంది. కళ్లారా చూసింది.

నిలయం సంఘం సుదర్శన్‌ను తొలగించింది. చీర సంగతి మీద కేసు నమోదైంది. ఒకరోజు అతను ఫోన్ చేసి, ముసలితనంలో స్టేషన్ల చుట్టూ తిప్పొద్దని, కేసు ఆపించమని బతిమాలాడు. ప్రమీల ఫోను తల్లికిచ్చింది.

“మా ఆయన కూడా ముసలోడయ్యేవాడు నాయనా, నువ్వు బతకనిచ్చింటే” అని మద్దమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత మద్దమ్మ పోస్టాఫీసుకు పోయి తన భర్త బొమ్మ స్టాంపులు కట్టగా కొనుక్కొచ్చింది. కవర్లో ఏమీ పెట్టదు. స్టాంపు అంటించి, సుదర్శన్ అడ్రసు రాయమని కూతురికిస్తుంది. వారం వారం ఒకటి పోతోంది.

“ఇంక చాల్లేమా. ఊరంతా తెలిసింది కదా” అంది ప్రమీల ఒకసారి.

“ఊరికి తెలిసింది. మర్చిపోయినోనికి ఈ మొగం కంఠపాఠం కావాల” అంది మద్దమ్మ, నాలికతో స్టాంపు తడుపుతూ.

ప్రమీల పెన్ను మూత తీసి అడ్రసు రాసింది.